మంచు మీద ఎనిమిది పోటీలు, ఒకే విజేత

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని డెన్వర్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. తమ విశ్వవిద్యాలయం కళాశాలల జాతీయ స్కీయింగ్ పోటీల్లో ఎన్నోసార్లు గెలిచిందని చెప్పాడు. కొండ మీది నుంచి జారేవారికీ, మైళ్ల తరబడి మంచులో సాగేవారికీ, అబ్బాయిలకూ అమ్మాయిలకూ కలిపి ఒకే జట్టు ట్రోఫీ ఇస్తారట. అదెలా కుదురుతుంది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. అమెరికా కళాశాలల క్రీడలను నిర్వహించే ఎన్‌సీఏఏ ఈ పోటీలను 1954లో నెవాడా రాష్ట్రంలోని రీనో వద్ద ప్రారంభించింది. తొలి విజేత డెన్వరే. విల్లీ షెఫ్లర్ శిక్షకుడిగా ఉన్న కాలంలో ఆ జట్టు మొత్తం 13 సార్లు గెలిచింది. అప్పట్లో ఇవి పురుషుల పోటీలు మాత్రమే. 1983 నుంచి స్త్రీ పురుషుల పాయింట్లను కలిపి ఒకే జట్టును విజేతగా ప్రకటిస్తున్నారు.

వాలు మీద, కర్రలు పాతి గుర్తించిన గేట్ల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పందేలు రెండు: గేట్లు దగ్గర దగ్గరగా ఉండే స్లాలమ్, దూరదూరంగా ఉండే జెయింట్ స్లాలమ్. ఎత్తుపల్లాల బాటలో దూరం సాగే క్రాస్ కంట్రీలోనూ క్లాసిక్, ఫ్రీస్టైల్ అనే రెండు పద్ధతులున్నాయి. ఈ నాలుగింటినీ స్త్రీలకూ పురుషులకూ వేర్వేరుగా నిర్వహిస్తారు కనుక పోటీలు ఎనిమిది అవుతాయి. స్థానాన్ని బట్టి వచ్చే పాయింట్లన్నీ జట్టు ఖాతాలో చేరతాయి; జారిపడి పందెం పూర్తి చేయలేనివారికి ఏమీ రాదు. అందువల్ల స్లాలమ్‌లో ఎంతటి మేటి ఉన్నా, క్రాస్ కంట్రీ క్రీడాకారులు బలహీనంగా ఉన్న జట్టు కప్పు అందుకోవడం చాలా కష్టం. రెండు రకాల శిక్షణకూ, అమ్మాయిలకూ అబ్బాయిలకూ సమాన శ్రద్ధ పెట్టక తప్పని స్థితిని కళాశాలలకు కల్పించినందువల్ల ఈ లెక్కింపు పద్ధతి ఎంతో న్యాయమైనదని నా అభిప్రాయం.

క్రాస్ కంట్రీలో క్లాసిక్ పద్ధతి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇందులో స్కీలను, అంటే పాదాలకు కట్టుకునే పొడవాటి పలకలను, మంచులో ముందే వేసిన సమాంతర గాళ్లలో నడిపిస్తారు. స్కీ మధ్యభాగానికి పట్టునిచ్చే మైనం, రెండు చివరలకు జారుడునిచ్చే మైనం పూస్తారు. ఉదయం గట్టిగా ఉన్న మంచు ఎండకు మెత్తబడితే, అంతకుముందు చక్కగా పట్టిన మైనమే పనికిరాకుండా పోవచ్చు. కాబట్టి మైనం ఎంచుకునే సహాయకుల నేర్పు కూడా జట్టు పాయింట్లలో కలిసి ఉంటుంది. ఫ్రీస్టైల్‌లో స్కేటింగ్ చేసినట్లు పక్కలకు తోస్తూ సాగుతారు కనుక పట్టునిచ్చే మైనంతో పని లేదు.

వెర్మాంట్ విశ్వవిద్యాలయం తరఫున 2017లో ఈ పోటీల్లో స్లాలమ్ గెలిచిన పౌలా మోల్ట్‌జాన్, అంతకుముందు అమెరికా జాతీయ జట్టులో స్థానం కోల్పోయిన క్రీడాకారిణి. ఆమె మళ్లీ ఆ జట్టులోకి వెళ్లి, 2023 ప్రపంచ పోటీల్లో జట్టు స్వర్ణం సాధించినవారిలో ఒకరయ్యారు. చదువుకుంటూనే పోటీపడే ఇటువంటి వేదిక లేకపోతే ఆ ప్రతిభ ఏమయ్యేదో!

ఈ పోటీలు మార్చిలో, ఏటా వేర్వేరు చోట్ల జరుగుతాయి. డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రానికి దగ్గరలో జరిగే ఏడాది మీ అబ్బాయిని క్లాసిక్ పందెంలో బాట నిటారుగా ఎక్కేచోట నిలబడి చూడమనండి. ఎవరి మైనం పట్టిందో, ఎవరిది పట్టలేదో అక్కడ స్పష్టంగా తెలుస్తుంది.