దోర్దోన్ లోయలో ఐదు రోజుల సైకిల్ ప్రయాణం: రోజుకు ఎన్ని కిలోమీటర్లు?

హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సైకిల్ ట్రాక్ మీద వారానికి రెండుసార్లు 60 కిలోమీటర్లు తొక్కుతున్నాననీ, సెప్టెంబరులో నైరుతి ఫ్రాన్స్‌లోని దోర్దోన్ ప్రాంతంలో ఐదు రోజులు రోజుకు 100 కిలోమీటర్ల చొప్పున తిరగాలనుకుంటున్నాననీ, ఇది సాధ్యమేనా, శాకాహారికి దారిలో భోజనం దొరుకుతుందా అనీ మీరు అడిగారు. నేను తొమ్మిదేళ్లుగా తులూజ్‌లో ఉద్యోగం చేస్తూ ఆ ప్రాంతానికి నాలుగుసార్లు సైకిల్ మీద వెళ్లాను. నా అనుభవం మీద చెప్పేది ఒక్కటే: 100 వద్దు, సగటున 55 నుంచి 60 పెట్టుకోండి.

దీనికి కారణం మీ శక్తి చాలకపోవడం కాదు, ఆ నేల తీరు. దోర్దోన్, వెజేర్ నదులు సున్నపురాతి పీఠభూమిని కోసుకుంటూ పారడం వల్ల ఊళ్లు అయితే నది ఒడ్డున, లేకపోతే కొండ అంచున ఉంటాయి. ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్లే చిన్న రోడ్డు లోయలోకి దిగి, వాగు దాటి, మళ్లీ మిట్ట ఎక్కుతుంది. ఒక్కో ఎక్కుడు రెండు మూడు కిలోమీటర్లే ఉంటుంది, ఎత్తు కూడా 100 నుంచి 150 మీటర్లకు మించదు. కానీ అలాంటివి రోజుకు ఏడెనిమిది వస్తాయి. పోయినసారి నేను తొక్కిన 62 కిలోమీటర్ల దారిలో మొత్తం ఎక్కిన ఎత్తు 950 మీటర్లు. చదునైన ట్రాక్ మీద ఒకే వేగంతో తొక్కే అలవాటు ఇక్కడ అంతగా అక్కరకు రాదు. అందుచేత దారి గీసుకునేటప్పుడు కిలోమీటర్ల కంటే ముందు ఎక్కవలసిన ఎత్తును చూడండి.

మొదటిసారి నేను ఈ లెక్క చూడకుండా, ఒక సోమవారం నాడు 105 కిలోమీటర్లు పెట్టుకుని బయలుదేరాను. ఆ ప్రాంతపు పల్లెల్లో సోమవారం చాలా రొట్టెల దుకాణాలు మూసి ఉంటాయనీ, మిగతా రోజుల్లో కూడా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి దాదాపు మూడు గంటల దాకా కిరాణా కొట్లు తెరవరనీ నాకు తెలియదు. మూడు ఊళ్లు దాటినా తినడానికేమీ దొరకలేదు, సీసాలో నీళ్లు అయిపోయాయి, దొమ్ ఊరికి ఎక్కే దారిలో సగంలోనే కాళ్లు పట్టేసి దిగిపోయాను. సైకిలు నడిపించుకుంటూ పైకి చేరేసరికి సాయంత్రం ఆరు దాటింది. నదికి దాదాపు 150 మీటర్ల ఎత్తున, కొండ అంచున 1281లో ఫ్రాన్స్ రాజు మూడవ ఫిలిప్ కట్టించిన ఆ కోట ఊరిని చూడాలని ఏడాది పాటు అనుకున్నవాడిని, ద్వారం పక్కన కూర్చుని ఊపిరి తీసుకోవడం తప్ప ఏమీ చూడలేకపోయాను. మర్నాడు ప్రణాళికను సగానికి కోసి, అక్కడే రెండు గంటలు ఉండి, కింద లోయలో నది మలుపు తిరగడం, పొలాల మధ్య వాల్‌నట్ తోటలు వరుసలు తీరి ఉండడం తీరిగ్గా చూశాను. ఆ ప్రాంతానికి మళ్లీ మళ్లీ వెళ్లాలనిపించింది ఆ రెండు గంటల వల్లనే.

మొదటి మూడు రోజులకు సార్లా పట్టణాన్ని మకాంగా పెట్టుకుని, సామాను గదిలో వదిలి, రోజుకొక దిక్కుకు వెళ్లి రావడం మంచిది. 1962లో వచ్చిన మాల్రో చట్టం కింద పాత కట్టడాలను కాపాడి బాగుచేసిన తొలి పట్టణాల్లో సార్లా ఒకటి; తేనె రంగు రాతి గోడలు, పలక రాళ్లు పేర్చిన కప్పులు నేటికీ నిలిచి ఉండడానికి అది ఒక ముఖ్య కారణం. బుధవారం, శనివారం అక్కడ సంత జరుగుతుంది. ఆ రెండు ఉదయాలూ వీధుల్లో సైకిలు తొక్కడం సాధ్యం కాదు, కాబట్టి సంత చూసుకుని ఆలస్యంగా బయలుదేరండి.

మొదటి రోజు పాత రైలు మార్గాన్ని సైకిళ్ల కోసం మార్చిన దారి మీదుగా దక్షిణానికి దిగి, దొమ్ ఎక్కి, అవతలి వైపు లా రోక్-గజాక్, బెనాక్ ఊళ్ల మీదుగా తిరిగి రండి. లా రోక్-గజాక్ ఇళ్లు నదికీ నిట్టనిలువు కొండకూ మధ్య ఇరుకుగా అతుక్కుని ఉంటాయి. 1957లో కొండచరియ విరిగి ఆ ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. కొంచెం ముందుకు వెళితే నదికి ఒక వైపు బెనాక్ కోట, ఎదుటి వైపు కాస్తెల్నో కోట కనిపిస్తాయి. నూరేళ్ల యుద్ధంలో మొదటిది ఫ్రెంచి వారి పక్షాన ఉండగా, రెండవది చాలా కాలం ఇంగ్లండు పక్షాన ఉంది. రెండింటికీ మధ్య ఉన్న చిన్న వంతెన మీద ఆగి అటూ ఇటూ చూసినప్పుడు ఆ యుద్ధం ఎంత దగ్గరి పొరుగువారి మధ్య నడిచిందో నాకు మొదటిసారి అర్థమైంది. నది వెంట పోయే డి-703 రోడ్డులో కార్లు ఎక్కువ కాబట్టి, వీలైనంతవరకు అవతలి ఒడ్డు చిన్న రోడ్లను ఎంచుకోండి.

రెండవ రోజు వెజేర్ లోయకు కేటాయించండి. 1868లో క్రో-మాన్యోన్ అనే ఆదిమ మానవుల ఎముకలు బయటపడిన లెజెజి, నది ఒడ్డున పాత చర్చి ఉన్న సాన్-లియోన్, ఆదిమ మానవులు గీసిన బొమ్మలున్న లాస్కో గుహ గల మోంతిన్యాక్ ఒకే దారిలో వస్తాయి, మొత్తం 70 కిలోమీటర్ల చుట్టు. 1940లో కనుగొన్న లాస్కో అసలు గుహను 1963లోనే సందర్శకులకు మూసివేశారు. ఇప్పుడు ఎక్కువమంది చూసేది 2016లో తెరిచిన, దాదాపు పూర్తి ప్రతిరూపం. మూడవ రోజు విశ్రాంతి. మిగిలిన రెండు రోజుల్లో మకాం మార్చి మోంపాజియేకు వెళ్లండి. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ 1284లో కట్టించిన ఆ ఊళ్లో వీధులన్నీ గళ్లకాగితం మీద గీసినట్టు లంబకోణంలో కలుస్తాయి, నడుమ ఉన్న సంత మైదానానికి నాలుగు వైపులా కమానుల వరండా ఉంటుంది. అక్కడికి బెల్వెస్ మీదుగా అడవుల్లో వెళ్లే దారిలో గంట పాటు ఒక్క కారు కూడా ఎదురుకాని రోజు నాకుంది.

భోజనం విషయంలో జాగ్రత్త అవసరం. ఆ ప్రాంతపు వంటలో బాతు కొవ్వు నూనెలాగే వాడతారు; పేరుపొందిన సార్లా బంగాళాదుంపల వేపుడు కూడా ఆ కొవ్వుతోనే చేస్తారు కాబట్టి మాంసం కనిపించలేదని తినేయకండి, అడగండి. వేడి మేకపాల చీజు, వాల్‌నట్లు వేసిన సలాడ్ దాదాపు ప్రతిచోటా దొరుకుతుంది. మధ్యాహ్న భోజనానికి పన్నెండుకల్లా కూర్చోవాలి, రెండు దాటితే వంటగది మూసేస్తారు. ఉదయం రొట్టెల దుకాణం తెరిచి ఉండగానే ఒక రొట్టె, కాస్త చీజు, అరటిపళ్లు జేబులో వేసుకోవడం నాకు నియమమైపోయింది. నీళ్లకు అక్కడి సైకిలిస్టులు ఊరి శ్మశానంలో పూల మొక్కల కోసం పెట్టిన కుళాయిని వాడుతారు. మొదట నేను సంకోచించాను, తర్వాత అలవాటైంది. అయితే తాగడానికి పనికిరాదని బోర్డు ఉంటే మాత్రం ముట్టుకోవద్దు.

సైకిలు అద్దెకు తీసుకుంటే వెనుక పెద్ద పళ్ల చక్రం 32 పళ్లకు తగ్గకుండా, టైర్లు 28 మిల్లీమీటర్లు ఉండేలా అడగండి. ముందు బ్రేకు ఏ చేతి వైపు ఉందో దిగుడులోకి వెళ్లకముందే పరీక్షించుకోండి, ఫ్రాన్స్‌లో సాధారణంగా అది ఎడమచేతి వైపు ఉంటుంది. వేసవిలో బాగుచేసిన రోడ్ల మీద వదులు కంకర సెప్టెంబరు దాకా మిగిలి ఉంటుంది, హెచ్చరిక గుర్తు కనిపించిన మలుపులో నెమ్మదించండి. అక్కడ కుడివైపున నడపాలని అందరికీ తెలిసిందే, కానీ ఫొటో కోసం ఆగి ఖాళీ రోడ్డు మీద మళ్లీ బయలుదేరేటప్పుడు మన చేయి తెలియకుండానే ఎడమకు తిప్పుతుంది. నాకు రెండుసార్లు అలా జరిగింది, రెండవసారి ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. ఊళ్లలో గుర్తులేవీ లేని కూడలిలో కుడి సందులోంచి వచ్చే వాహనానిదే మొదటి హక్కు, సందు ఎంత చిన్నదైనా సరే.

ఇక తేదీలు. మీకు వెసులుబాటు ఉంటే సెప్టెంబరు మూడవ వారాంతం మీ ఐదు రోజుల్లో ఉండేలా చూసుకోండి. 1984లో మొదలైన వారసత్వ దినాలను ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఏటా ఆ రెండు రోజులు జరుపుతున్నారు, మామూలుగా మూసి ఉండే ప్రైవేటు కోటలు, పాత ఇళ్లు కూడా కొన్ని తలుపులు తెరుస్తాయి. అప్పుడు గదులు త్వరగా నిండిపోతాయి కాబట్టి సార్లాలో బస ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది.