జూన్ వస్తే గొలుసు బ్యాంకుకే

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. మా ఆయన ఆటోనగర్‌లో లేత్ మెషిన్ మీద పనిచేస్తారు, నెలకు 32,000 చేతికొస్తుంది. అద్దె 9,000, సరుకులూ పాలూ కూరగాయలూ 7,000, బండి ఈఎంఐ 3,200, గ్యాసు, కరెంటు, ఫోన్లు, పెట్రోలు కలిపి 2,300. జీతంలో సగం అవసరాలకు, 30 శాతం సరదాలకు, 20 శాతం పొదుపుకు అంటున్నారు. ఎంత కుస్తీ పట్టినా మాకా లెక్క కుదరట్లేదు. పైగా ఏటా జూన్‌లో పాప ఫీజు 36,000 కోసం నా గొలుసు బ్యాంకులో పెట్టాల్సి వస్తోంది. తప్పెక్కడ చేస్తున్నాం?
- ఒక గృహిణి

జవాబు: మీరు దుబారా చేయట్లేదమ్మా, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ఆ లెక్కను 2005లో అమెరికాలో అప్పటి లా ప్రొఫెసర్ ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు కలిసి జనంలోకి తెచ్చారు. మీ జీతంలో సగం 16,000, అది మీకు అద్దెకూ సరుకులకే సరిపోతోంది. జీతం తక్కువున్న ఇంట్లో ఎక్కడైనా ఇంతే.

నాకు కనిపించిన లోటల్లా ఒకటే. మీరు రాసిన ఖర్చు 21,500, అందులో ఫీజు లేదు. అది జూన్ ఖర్చు కాదు, నెలకు 3,000 చొప్పున ఏడాది పొడవునా ఉన్న ఖర్చే, కానీ కనబడదు కాబట్టి ఆ మూడు వేలూ మిగిలినట్టే అనిపించి ఒక నెల శ్రావణమాసం చీరకు, ఇంకో నెల పెళ్ళి చదివింపులకు వెళ్ళిపోతాయి, జూన్ వచ్చేసరికి గొలుసు తీయాలి, దానికి వడ్డీ కట్టాలి. జీతం పడ్డ రోజే 3,000 బ్యాంకులో ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) కట్టేయండి, మే నెలలో చేతికొచ్చేలా చూసుకోండి. వచ్చే జూన్‌కి మొత్తం పోగవకపోయినా గొలుసు మీద తెచ్చే అప్పు తగ్గుతుంది కదా.

ఇక మిగిలేది 7,500. అందులో 2,500 ఏటీఎం కార్డు లేని వేరే ఖాతాలో వేయండి, ఒక నెల ఖర్చు 24,500 చేరేదాకా ముట్టుకోవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు ఇళ్ళలోకి వచ్చిన సంగతి సింగ్‌నగర్‌లో ఉన్న మీకు నేను చెప్పక్కర్లేదు, అలాంటప్పుడు మర్నాడే తీసుకోగలిగే డబ్బు ఉండాలి, చిట్టీలో ఇరుక్కున్నది పనికిరాదు.

మిగతా 5,000 మీ ఇష్టం. చదివింపులు, చీరలు అందులోంచే. ఒక ఆదివారం పాపను భవానీ ద్వీపానికి తీసుకెళ్ళండి, అదీ కావాలి.

బండి అప్పు తీరిన మరుసటి నెల నుంచే ఆ 3,200 కూడా ఆ ఖాతాకే మళ్ళించండి, ఒక్క నెల కూడా ఖాళీ ఇవ్వకండి. అప్పుడు మీ పొదుపు 5,700, దాదాపు 18 శాతం.