ఫుట్‌బాల్ ఆటగాడి వెల ఎవరికి చేరుతుంది?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: 2024 నవంబరులో ఐపీఎల్ వేలంలో రిషభ్ పంత్‌కు 27 కోట్లు పలికితేనే మా కాలేజీలో అందరూ నోరెళ్ళబెట్టారు. 2017లో బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు నెయ్‌మార్ కోసం పారిస్ క్లబ్బు పీఎస్‌జీ 22 కోట్ల 20 లక్షల యూరోలు పెట్టిందని చదివాను. ఒక్క మనిషికి అంత వెల ఎలా కడతారు? – డిగ్రీ విద్యార్థి, భీమవరం

జవాబు: ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. ఐపీఎల్ వేలంలో పలికిన మొత్తం ఆ సీజన్ పారితోషికంగా ఆటగాడికే చెందుతుంది. ఫుట్‌బాల్‌లో బదిలీ రుసుము పాత క్లబ్బుకు చేరే సొమ్ము. ఆటగాడి జీతం దానికి అదనం. నెయ్‌మార్ విషయంలో అప్పటి మారకపు రేటు ప్రకారం 1,600 కోట్ల రూపాయలు దాటిన ఆ మొత్తం అతని పాత క్లబ్బు, స్పెయిన్‌లోని బార్సిలోనాకు ముట్టింది.

మీ ప్రాంతపు చేపల చెరువుల లీజులను తలచుకుంటే సంగతి సులువుగా బోధపడుతుంది. ఐదేళ్ళకు చెరువు తీసుకున్న రైతు రెండో ఏటనే దానిని ఇంకొకరికి వదలాలంటే, మిగిలిన మూడేళ్ళలో తనకు రావలసిన రాబడికి తగిన పరిహారం అడుగుతాడు. గడువు ముగిసిన మర్నాడు ఆ చెరువును ఎవరు తీసుకున్నా అతనికి ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కరలేదు. బదిలీ రుసుము కూడా కాంట్రాక్టులో మిగిలిన కాలానికి కట్టే ధరే తప్ప మనిషికి కట్టే వెల కాదు. పైగా చెరువుకు లేని హక్కు ఆటగాడికి ఉంది: అతను సమ్మతించనిదే ఏ బదిలీ జరగదు.

గడువు తీరితే స్వేచ్ఛ అన్న ఈ న్యాయం తేలికగా రాలేదు. ఐరోపాలో చాలాచోట్ల కాంట్రాక్టు ముగిసిన తరువాత కూడా పాత క్లబ్బు రుసుము అడిగేది. బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్‌కు 1990లో లియేజ్ క్లబ్బుతో కాంట్రాక్టు ముగిసినా, ఫ్రాన్సులోని డంకర్క్ క్లబ్బుకు వెళ్ళే దారి ఈ పద్ధతి వల్లనే మూసుకుపోయింది. ఆయన న్యాయస్థానానికి వెళ్ళి, 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానంలో గెలిచేసరికి ఆయన ఆట దాదాపు ముగిసిపోయింది. ఈ చరిత్రలో నేను అందరికంటె మిన్నగా గౌరవించేది కోట్లు పలికిన తారలను కాదు, ఆయననే.

పాల్ పోగ్బాను చూడండి. 2012లో కాంట్రాక్టు ముగిసి మాంచెస్టర్ యునైటెడ్‌ను వదిలి యువెంటస్‌కు వెళ్ళినప్పుడు బదిలీ రుసుము లేదు. 2016లో అదే యునైటెడ్ అతన్ని 8 కోట్ల 90 లక్షల పౌండ్లకు తిరిగి తెచ్చుకుంది. 2022లో గడువు తీరగానే అతను మళ్ళీ రుసుము లేకుండానే వెళ్ళిపోయాడు. ఎప్పుడు ఎంత గడువు మిగిలి ఉందో చూస్తే ఈ తేడాలన్నీ అర్థమవుతాయి.

నెయ్‌మార్ ధర బేరంలో తేలినది కూడా కాదు. 1985 నాటి ఒక ఉత్తర్వు కారణంగా స్పెయిన్‌లో కాంట్రాక్టు మధ్యలో వెళ్ళిపోయే ఆటగాడు చెల్లించవలసిన మొత్తాన్ని ముందే రాసుకుంటారు. పీఎస్‌జీ ఆ అంకెను పూర్తిగా భరించింది. ఆ సొమ్ము చేతిలో ఉందని లోకమంతటికీ తెలిసిన బార్సిలోనా ఆ వెంటనే డెంబెలే, కుటీన్యో అనే ఆటగాళ్ళ కోసం భారీ ధరలు చెల్లించవలసి వచ్చింది.

ప్రశ్న: జెర్సీలు అమ్మితే ఈ ఖర్చంతా తిరిగి వస్తుందంటారు. నిజమేనా? – ఒక వ్యాపారి, పాలకొల్లు

జవాబు: కాదు. జెర్సీ అమ్మకంలో అధిక భాగం తయారీ సంస్థకూ దుకాణదారుకూ పోతుంది. క్లబ్బులు ప్రధానంగా ఆధారపడేది టీవీ హక్కులు, ప్రకటనలు, చాంపియన్స్ లీగ్ ఆదాయం మీదనే. లెక్కల పుస్తకంలో మాత్రం రుసుమును కాంట్రాక్టు సంవత్సరాలకు పంచి రాస్తారు: 10 కోట్ల యూరోలకు తెచ్చిన ఆటగాడితో ఐదేళ్ళ కాంట్రాక్టు ఉంటే ఏటా 2 కోట్ల ఖర్చు. చెల్సీ క్లబ్బు ఏడెనిమిదేళ్ళ కాంట్రాక్టులు ఇచ్చి ఏటి ఖర్చును తక్కువగా చూపగలిగింది కనుక, ఐరోపా ఫుట్‌బాల్ పాలక సంస్థ యూఈఎఫ్ఏ 2023లో ఆ పంపకాన్ని ఐదేళ్ళకు పరిమితం చేసింది.

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్ళు, ఫుట్‌బాల్ బాగా ఆడతాడు. ఐరోపా క్లబ్బులో చేర్పిస్తామని, ముందుగా కొన్ని లక్షలు కట్టమని ఒకరు అడుగుతున్నారు. – ఒక తల్లి, అమలాపురం

జవాబు: అమ్మా, దయచేసి ఆ సొమ్ము కట్టకండి. 18 ఏళ్ళు నిండని ఆటగాళ్ళను ఒక దేశం నుంచి మరొక దేశపు క్లబ్బుకు మార్చడాన్ని ఫిఫా నిషేధించింది. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి తరలివెళ్ళడం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి, డబ్బు కట్టడం వాటిలో లేదు.

మీరు ఇప్పుడు చేయవలసినది వేరే ఉంది. అబ్బాయి ఆడుతున్న క్లబ్బు అతన్ని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆన్‌లైన్ విధానంలో నమోదు చేసిందో లేదో అడిగి తెలుసుకోండి. ఆటగాడు కాంట్రాక్టు మధ్యలో రుసుముపై దేశాంతర క్లబ్బుకు మారినప్పుడు, ఆ రుసుములో 5 శాతం అతనికి 12 నుంచి 23 ఏళ్ళ మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు చెందుతుంది. పదకొండేళ్ళకే చేర్చుకుని, 21వ ఏట బార్సిలోనాకు వెళ్ళేదాకా నెయ్‌మార్‌ను తీర్చిదిద్దిన బ్రెజిల్ క్లబ్బు సాంటోస్‌కు ఆ నియమం ప్రకారమే 2017 బదిలీలోనూ వాటా హక్కు ఏర్పడింది. కడియం నర్సరీలో మొక్కను పెంచిన చేతికి, ఆ చెట్టు ఎక్కడో కాసిన కాపులో భాగం రావడం వంటిది ఇది. ఈ వ్యవస్థ మొత్తంలో నాకు అత్యంత న్యాయంగా తోచే నియమం ఇదే. 12 నుంచి 15 ఏళ్ళ వరకు ఏడాదికి 0.25 శాతం, ఆ తరువాత ఏడాదికి 0.5 శాతం చొప్పున లెక్క. ఒక కోటి యూరోల బదిలీ జరిగితే, మొదటి నాలుగేళ్ళు ఆడించిన ఊరి క్లబ్బుకు లక్ష యూరోలు వస్తాయి. నమోదు లేకపోతే ఆ నాలుగేళ్ళకు ఏ రుజువూ మిగలదు కనుక, ఏ ఏడాది ఏ క్లబ్బులో ఆడాడో తెలిపే కాగితాలన్నీ మీ దగ్గర కూడా భద్రపరచండి.