విండోస్ 11 వేశాక మూగబోయిన కంప్యూటర్

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

విండోస్ 10 నుంచి 11కి మారాక వైఫై రావడం లేదనీ, స్పీకర్లు పలకడం లేదనీ, ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటోందనీ రాశావు. మూడూ ఒక్కసారే పోయాయని యంత్రం పాడైందనుకోకు. అప్‌గ్రేడ్ సమయంలో విండోస్ కొన్ని పాత డ్రైవర్లను (ఒక్కో పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రాములను) పక్కనపెట్టి, మైక్రోసాఫ్ట్ వాళ్ల మామూలు డ్రైవర్ వేస్తుంది. కొన్నింటికి ఏదీ వేయదు. ఇంకొన్ని పాతవి అలాగే ఉన్నా, కొత్త భద్రతా నియమాలు వాటిని లోడ్ కానివ్వవు. నీ దగ్గర జరిగింది వీటిలో ఏదో తేలేదాకా కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయకు.

ముందు గడువు సంగతి. అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల్లోపు పాత విండోస్‌కి వెనక్కి వెళ్లొచ్చు: సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, అక్కడ 'గో బ్యాక్'. ఇదంతా సి డ్రైవ్‌లో ఉన్న విండోస్.ఓల్డ్ ఫోల్డర్ మీద ఆధారపడిన పని. జాగా తినేస్తోందని డిస్క్ క్లీనప్‌లో దాన్ని చెరిపేశావా, ఆ దారి మూసుకుపోతుంది. అయినా వెనక్కి వెళ్లడం తాత్కాలికమే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. షట్ డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం, రీస్టార్ట్ చేయడం ఒకటి కావు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్‌లో విండోస్ తన లోపలి స్థితిని డిస్క్‌లో దాచుకుని, తిరిగి అదే తెస్తుంది. డ్రైవర్లు మొదటి నుంచి లోడ్ కావు. కాబట్టి ప్రతి మార్పు తర్వాత రీస్టార్టే నొక్కు.

ఇప్పుడు విండోస్ మీట, ఎక్స్ కలిపి నొక్కి డివైస్ మేనేజర్ తెరువు. పసుపు త్రికోణం ఉన్న ప్రతిదాని మీద రెండుసార్లు క్లిక్ చేసి, జనరల్ ట్యాబ్‌లో ఉన్న కోడ్ కాగితం మీద రాసుకో. కోడ్ 28 అంటే డ్రైవర్ అసలు లేదు. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉన్నా పరికరం మొదలు కాలేదు. 43 అంటే పరికరమే లోపం ఉందని చెప్పుకుంది, అప్పుడు కేబుల్, యూఎస్‌బీ పోర్ట్ మార్చి చూడు. 52 అంటే డ్రైవర్ డిజిటల్ సంతకం సరిగా లేదు. 'అన్‌నోన్ డివైస్' అని ఉంటే డిటైల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకో. అందులో వెండర్ (తయారీదారు) సంఖ్య 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 10డీఈ అయితే ఎన్విడియా, 1002 అయితే ఏఎండీ. పేరు తెలియని పరికరానికి ఇదే చిరునామా.

వైఫైతో మొదలుపెట్టు, నెట్ లేకపోతే మిగతావి దించుకోలేవు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ మీదుగా కంప్యూటర్‌కి ఇచ్చేది) ఆన్ చెయ్యి. దానికి కావలసిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే చవక కేబుల్ అయితే పని కాదు, డేటా కేబుల్ వాడు. నెట్ రాగానే విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్ చూడు. డ్రైవర్లు అక్కడ విడిగా దాక్కుని ఉంటాయి, వాటంతటవి దిగవు. అక్కడ లేకపోతే వైఫై డాంగిల్ (వైఫై కోసం యూఎస్‌బీ పోర్ట్‌లో పెట్టే చిన్న ముక్క) తయారీదారు సైట్‌కి వెళ్లు. ఊరూపేరూ లేని డాంగిల్ అయితే అట్టపెట్టె మీది బ్రాండ్‌తో పనిలేదు, లోపలి చిప్ ముఖ్యం. ఇలాంటివి కొన్ని మొదట సీడీ డ్రైవ్‌లా కనబడతాయి. దిస్ పీసీలో ఆ డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి ఎజెక్ట్ కొడితే అప్పుడు వైఫైగా మారతాయి.

విండోస్ 11 డ్రైవర్ దొరకలేదని బెంగపడకు. విండోస్ 10 కోసం చేసిన 64 బిట్ డ్రైవర్ చాలావరకు ఇక్కడా నడుస్తుంది. 32 బిట్‌ది మాత్రం నడవదు, 11లో 32 బిట్ విండోసే లేదు.

స్పీకర్ల విషయంలో డ్రైవర్ జోలికి పోకముందు టాస్క్‌బార్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి, శబ్దం ఎటు పోతోందో చూడు. అప్‌గ్రేడ్ తర్వాత అవుట్‌పుట్ హెచ్‌డీఎంఐ మానిటర్ వైపు మళ్లడం తరచూ జరిగేదే. ఆ మానిటర్‌లో స్పీకర్లే లేకపోతే ఇంకేం వినబడుతుంది? అది కాకపోతే మదర్‌బోర్డ్ (కంప్యూటర్ లోపలి ముఖ్యమైన బోర్డ్) తయారీదారు పేజీ నుంచి ఆడియో డ్రైవర్ తెచ్చుకో. బోర్డ్ మోడల్ కోసం కేస్ విప్పక్కర్లేదు, స్టార్ట్‌లో 'సిస్టమ్ ఇన్ఫర్మేషన్' అని వెతికితే బేస్‌బోర్డ్ ప్రోడక్ట్ దగ్గర ఉంటుంది. అదే పేజీలో చిప్‌సెట్ డ్రైవర్ కూడా ఉంటుంది. దాన్ని ముందు వేసి, రీస్టార్ట్ చేసి, ఆ తర్వాత ఆడియో వెయ్యి.

అదే పేజీలో బయాస్ (విండోస్ కన్నా ముందు బోర్డ్‌ని లేపే ప్రోగ్రామ్) అప్‌డేట్ కూడా కనబడుతుంది. ఈ సమస్యలకు అది అక్కర్లేదు. మధ్యలో కరెంటు పోతే బోర్డే లేవకపోవచ్చు. యూపీఎస్ లేని ఇంట్లో దాని జోలికి పోకు.

ప్రింటర్ ఓపిక అడిగే పని. యూఎస్‌బీ కేబుల్ పీకేసెయ్యి. సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో పాత పేరుని, పక్కన 'కాపీ 1' అని ఉంటే దాన్నీ తీసెయ్యి. పేరు తీసేసినంత మాత్రాన డ్రైవర్ పోదు, అందుకే చాలామంది నాలుగుసార్లు ఇన్‌స్టాల్ చేసినా పాత తప్పే తిరిగొస్తుంది. అదే పేజీలో ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్ తెరిచి, డ్రైవర్స్ ట్యాబ్‌లో 'డ్రైవర్ అండ్ డ్రైవర్ ప్యాకేజ్' రెండూ తీసెయ్యి. వాడుకలో ఉందంటూ ఒప్పుకోకపోతే స్టార్ట్‌లో 'సర్వీసెస్' అని వెతికి, అందులో ప్రింట్ స్పూలర్‌ని (ప్రింట్ పనులను వరుసలో పెట్టే ప్రోగ్రామ్) రీస్టార్ట్ చేసి వెంటనే మళ్లీ ప్రయత్నించు. తర్వాత తయారీదారు సెటప్ నడిపి, అది అడిగినప్పుడే కేబుల్ పెట్టు. ముందే పెడితే విండోస్ తొందరపడి తన డ్రైవర్ అంటించేస్తుంది. ఇంకా ఆఫ్‌లైన్ అంటే ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ చూడు. ప్రింటర్ యూఎస్‌బీ 002 మీద ఉంటే టిక్ 001 దగ్గర మిగిలిపోయి ఉండొచ్చు.

'ఈ డ్రైవర్ లోడ్ కాలేదు' అని విండోస్ చెబితే విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసొలేషన్ చూడు. మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణతో పడని డ్రైవర్ల జాబితా అక్కడ దొరుకుతుంది. అందులో ఉన్నది ఎప్పుడో పారేసిన వెబ్‌క్యామ్‌దైతే ఆ డ్రైవర్‌ని తీసెయ్యి. దానికోసం రక్షణను ఆపేసి వదిలేయడం నాకు ఇష్టం లేదు.

'అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో' అనే ప్రోగ్రాములు అసలు వద్దు. మోడల్ సరిగా చూడకుండా దగ్గరగా ఉన్నదేదో వేసేస్తాయి, వెంట పిలవని యాప్‌లనూ తెస్తాయి. ఒకేసారి పది డ్రైవర్లు మారితే ఏది చెడగొట్టిందో ఎలా తెలుస్తుంది? ఒకటి వెయ్యి, రీస్టార్ట్ చెయ్యి, పరీక్షించు, తర్వాతే రెండోది. కొత్తది పాతదానికన్నా చెడ్డగా ఉంటే డివైస్ మేనేజర్‌లో డ్రైవర్ ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్' ఉంటుంది.

అన్నీ పనిచేశాక సి డ్రైవ్‌కి సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్ చేసి ఒక రీస్టోర్ పాయింట్ (తర్వాత ఏదైనా చెడితే తిరిగి రాగలిగే గుర్తు) పెట్టుకో. దించుకున్న సెటప్ ఫైళ్లన్నీ, ముఖ్యంగా వైఫైది, ఒక పెన్‌డ్రైవ్‌లో దాచు. ఎనిమిదో రోజుకీ ఏదైనా లొంగకపోతే ఆ పరికరం కోడ్, హార్డ్‌వేర్ ఐడీ ఉన్న తెర ఫొటో తీసి నాకు పంపు. వెనక్కి వెళ్లాలో వద్దో ఇంకా రెండు రోజులు ఉండగానే చూసుకుందాం.

మీ మావయ్య