క్యాష్ తగ్గిందని, సీసాలు పగిలాయని జీతం కోయవచ్చా?

ప్రశ్న: గాజువాకలో ఒక సూపర్ మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ మీద పనిచేస్తున్నాను. జీతం రూ.15,000. పోయిన నెల అందులో రూ.4,600 కోసేశారు. గల్లాలో క్యాష్ తగ్గిందని రూ.1,900, ఒక సరుకును పాత ధరకే బిల్లు చేశానని రూ.1,200, లోడు దించేటప్పుడు నూనె సీసాలు పగిలాయని రూ.900, ఆరుసార్లు పావుగంట ఆలస్యంగా వచ్చానని సారికి వంద చొప్పున రూ.600. అడిగితే, ‘నష్టాలన్నీ నేనే భరిస్తానని చేరినప్పుడు బాండు మీద సంతకం పెట్టావు కదా’ అంటున్నారు. ఇది చెల్లుతుందా మేడమ్?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మిమ్మల్ని ఎక్కువగా భయపెడుతున్నది బాండు కాబట్టి ముందు దాని సంగతి చెబుతానమ్మా. చట్టం ఇచ్చిన హక్కును వదులుకుంటున్నట్టు ఉద్యోగి చేత ఎంత గట్టిగా రాయించుకున్నా ఆ రాత చెల్లదు. వేతనాల కోడ్, 2019లోని 60వ సెక్షన్ ఈ మాట నేరుగానే చెబుతోంది. ఈ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. అంతకుముందు 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ఉండేది కానీ, అది నెలకు రూ.24,000 దాటని జీతాలకే వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ పరిమితి లేదు. మీకూ, మీ ఫ్లోర్ మేనేజర్‌కూ ఒకటే చట్టం.

అలాగని యజమాని ఒక్క రూపాయి కూడా కోయకూడదని కాదు. ఏయే కారణాలకు కోయవచ్చో 18వ సెక్షన్ ఒక జాబితా ఇచ్చింది. అందులో లేని కోత ఏదైనా అక్రమమే. నష్టం విషయంలో ఆ జాబితా చెప్పేది ఇదీ: కాపాడమని ప్రత్యేకంగా మీకు అప్పగించిన సరుకు పాడైనా, పోయినా, లేదా మీరు లెక్క అప్పజెప్పాల్సిన డబ్బు తగ్గినా, అది నేరుగా మీ అశ్రద్ధ వల్లో, తప్పిదం వల్లో జరిగి ఉంటేనే కోయవచ్చు. అది కూడా జరిగిన నష్టానికి మించకూడదు. కోసే ముందు మీ వివరణ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. కోసిన మొత్తాన్ని రిజిస్టర్లో రాయాలి. ఈ షరతులు 21వ సెక్షన్‌లో ఉన్నాయి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మిమ్మల్ని ఎవరూ ముందుగా ఏమీ అడగలేదు. నష్టం పేరిట చేసిన మూడు కోతలనూ ప్రశ్నించడానికి ఆ ఒక్క లోపమే చాలు.

అయినా ఒక్కో పద్దునూ విడిగా చూద్దాం. లేబర్ ఆఫీసులో అడిగేది కూడా ఇలాగే.

క్యాష్ షార్టేజీ రూ.1,900. నాలుగింటిలో యజమానికి కాస్త బలం ఉన్నది ఇదొక్కటే. గల్లా డబ్బుకు లెక్క చెప్పాల్సింది మీరే కాబట్టి. కానీ అసలు ప్రశ్న, ఆ తేదీన ఆ కౌంటర్ మీద ఎవరెవరు కూర్చున్నారన్నది. మీరు భోజనానికి వెళ్లినప్పుడు ఇంకొకరు మీ లాగిన్‌తోనే బిల్లులు కొట్టి ఉంటే, తగ్గిన సొమ్ము మీ ఒక్కరి వల్లే తగ్గిందని చెప్పే ఆధారం యజమాని దగ్గర ఉండదు. ఉదయం మీకు ఓపెనింగ్ క్యాష్ లెక్కపెట్టి అప్పగించారా, రాత్రి ముగింపు లెక్క మీ ఎదుట చేశారా, ఆ కాగితం మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయా? చాలాచోట్ల లెక్క మర్నాడు ఆఫీసు గదిలో, క్యాషియర్ లేకుండానే చేస్తారు. అది నిలవదు. ఫోన్‌పే, గూగుల్‌పే పద్దులు కూడా అడగండి. కస్టమర్ స్కాన్ చేశాక పేమెంట్ పెండింగ్‌లో పడితే, మీరు దాన్ని నగదు కింద నొక్కి ఉంటే, గల్లాలో ఆ మేరకు తగ్గినట్టు కనిపిస్తుంది. డబ్బు మాత్రం తర్వాత షాపు ఖాతాలోనే పడుతుంది. బ్యాంకు సెటిల్‌మెంట్‌తో సరిచూడకుండా షార్టేజీ అనడానికి లేదు.

ఇకమీదట డ్యూటీ ఎక్కగానే ఐదు వందలు ఎన్ని, రెండు వందలు ఎన్ని, వందలు ఎన్ని అని చీటీ రాసి, సూపర్‌వైజర్ సంతకం తీసుకుని, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. దిగేటప్పుడూ అంతే. సంతకం పెట్టనంటే అదే చీటీ ఫోటోను అప్పటికప్పుడు వాట్సాప్‌లో ఆయనకే పంపండి. లాగిన్ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి.

పాత ధర బిల్లు రూ.1,200. కంప్యూటర్‌లో ధర మార్చే పని మీది కాకపోతే ఈ తప్పు మీది కాదు. మీరు బార్‌కోడ్ స్కాన్ చేశారు, తెర మీద వచ్చిన ధర వసూలు చేశారు, బిల్లుకు తగ్గ డబ్బు గల్లాలో ఉంది. మీరు లెక్క చెప్పాల్సిన డబ్బులో ఏమీ పోలేదు. ధర మీరే చేత్తో టైపు చేసి ఉంటే మాత్రం వాదన అంత తేలిక కాదు. అందుకని ఆ బిల్లుల కాపీలు అడిగి తీసుకోండి.

నూనె సీసాలు రూ.900. బిల్లింగ్ చేసే మనిషికి గోడౌన్ సరుకు అప్పగించినట్టు ఎక్కడ ఉంది? మేనేజర్ చెప్పాడని లోడు దించడానికి సాయం పట్టినంత మాత్రాన ఆ సరుకుకు మీరు కాపలాదారు అయిపోరు. ఇంకో సంగతి, పగిలిన సరుకుకు డిస్ట్రిబ్యూటర్ నుంచి డ్యామేజీ కింద క్రెడిట్ నోట్ (ఆ విలువను బిల్లులో తగ్గిస్తూ ఇచ్చే కాగితం) వచ్చి ఉంటే యజమానికి అసలు నష్టమే లేదు. ఎమ్మార్పీ లెక్కన కోయడం కూడా తప్పు. పోయింది కొన్న ధర, లాభంతో కలిపిన ధర కాదు.

ఆలస్యానికి రూ.600. ఇది జరిమానా. జరిమానాకు 19వ సెక్షన్ ఇంకా కఠినం. ఏ తప్పులకు జరిమానా ఉంటుందో ప్రభుత్వ ఆమోదంతో ముందే నోటీసు అంటించి ఉండాలి, మీ వివరణ వినాలి. నెల మొత్తం జరిమానా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. మీ జీతానికి అది రూ.450. వాయిదాల మీద వసూలు చేయకూడదు, తప్పు జరిగిన 90 రోజుల తర్వాతా వసూలు చేయకూడదు. పైగా ఆ డబ్బు యజమాని జేబులోకి పోకూడదు, ఉద్యోగుల మేలు కోసమే ఖర్చు పెట్టాలి. అది కాక, పనిచేయని సమయానికి జీతం తగ్గించే హక్కు యజమానికి ఉంది కానీ, ఎంత సేపు రాలేదో అంతకే. 26 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన మీ గంట జీతం సుమారు రూ.72. ఆరు పావుగంటలంటే గంటన్నర, అంటే సుమారు రూ.108.

‘అన్నీ కలిపినా సగం జీతం దాటలేదు కదా’ అని వాళ్లు అనవచ్చు. కోతలన్నీ కలిపి జీతంలో 50 శాతం మించకూడదన్నది నిజమే. అయితే అది సక్రమమైన కోతలకు పెట్టిన హద్దు. అక్రమమైన కోత ఒక్క రూపాయి అయినా అక్రమమే. జీతం పూర్తిగా ఖాతాలో వేసి, ఆనక కొంత తిరిగి ఫోన్‌పే చేయమనడం కూడా చట్టం దృష్టిలో కోతే. అలా పంపాల్సి వస్తే నగదు ఇవ్వకండి. ఫోన్‌లోనే పంపి, ఎందుకో కింద రాయండి.

ఇప్పుడు చేయాల్సింది. జీతం స్లిప్పు ఇవ్వడం యజమాని బాధ్యత, అడిగి తీసుకోండి. బ్యాంకు స్టేట్‌మెంట్, కోత గురించి వచ్చిన వాట్సాప్ మెసేజీలు, హాజరు వివరాలు జాగ్రత్త చేయండి. తర్వాత యజమానికి ఇలా రాయండి: ‘నా జీతంలో రూ.4,600 తగ్గించారు. ఏ తేదీన, ఏ షిఫ్టులో, ఎంత నష్టం జరిగిందో, అది నా అశ్రద్ధ వల్లే అని దేన్ని బట్టి తేల్చారో రాతపూర్వకంగా తెలపండి. కోసే ముందు నా వివరణ అడగలేదు. ఈ కోతకు నేను ఒప్పుకోవడం లేదు. నా సొమ్ము తిరిగి ఇప్పించగలరు.’ స్పీడ్ పోస్టులో పంపి రశీదు దాచుకోండి. కోపం కాగితం మీద పెట్టకండి. ‘తప్పు నాదే, క్షమించండి’ అని మాత్రం ఎవరు చెప్పినా రాసి ఇవ్వకండి. కౌంటర్ దగ్గర చాలామంది ఓడిపోయేది అక్కడే. ‘దొంగతనం కేసు పెడతాం’ అని బెదిరించినా రాయవద్దు.

పదిహేను రోజుల్లో బదులు రాకపోతే లేబర్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. మీ షాపు రాష్ట్ర కార్మిక శాఖ పరిధిలోకి వస్తుంది. పోర్టు, స్టీల్ ప్లాంట్, రైల్వే, బ్యాంకుల్లో పనిచేసేవారు కేంద్ర కార్మిక శాఖ అధికారుల దగ్గరికి వెళ్లాలి. మీరే అర్జీ పెట్టుకోవచ్చు, మీ తరఫున రిజిస్టర్డ్ యూనియన్ కూడా పెట్టవచ్చు. కోత సక్రమమేనని నిరూపించాల్సిన భారం 59వ సెక్షన్ ప్రకారం యజమాని మీదే. కోసిన సొమ్ముతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం విచారించే అధికారికి ఉంది. కాబట్టి అర్జీలో పరిహారం కూడా అడగండి. అడగని వాళ్లే ఎక్కువ. లాయరు ఫీజు భయం వద్దు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఫోన్ 15100.

తోటివాళ్లతో కలిసి చెప్పాపెట్టకుండా పని మానేయవద్దు. నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది కూడబలుక్కుని గైర్హాజరైతే, ఉద్యోగ షరతులను బట్టి ఒక్కొక్కరికి ఎనిమిది రోజుల జీతం దాకా కోసే వీలు చట్టమే ఇచ్చింది. కలిసి అర్జీ పెట్టండి, డ్యూటీకి వెళ్లండి. ఒకవేళ మిమ్మల్ని తీసేస్తే, రావాల్సిన జీతమంతా రెండు పనిదినాల్లో ఇవ్వాలి. అప్పుడు ‘ఫుల్ అండ్ ఫైనల్’, అంటే లెక్కంతా తేలిపోయిందనే కాగితం మీద సంతకం చేయాల్సి వస్తే, ‘రూ.4,600 కోతపై అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని మీ చేత్తో రాశాకే చేయండి. అర్జీకి మూడేళ్ల గడువు ఉంది. కానీ కొత్త కోడ్ రాకముందు కోతలు కూడా ఉంటే, పాత చట్టంలోని 12 నెలల గడువు దాటిందని యజమాని వాదించవచ్చు. అందుకని అవి కూడా కలిపి వెంటనే అర్జీ పెట్టండి.