తుపాకీ పట్టేవాళ్లంతా పోలీసులు, మిలటరీవాళ్లేనా? ఖమ్మం నుంచి ఒక తల్లి ప్రశ్న

ప్రశ్న: మాది ఖమ్మం. నేను ఇంట్లోనే బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. మావారు ఆర్టీసీలో కండక్టరు. పాప ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం పూర్తి చేసింది. స్కూల్లో ఉండగా ఎన్‌సీసీ క్యాంపులో రైఫిల్ కాల్చింది. గ్రూపింగ్ (గుళ్లన్నీ ఒకే చోట దగ్గరదగ్గరగా తగలడం) బాగుందని అక్కడి హవల్దారు మెచ్చుకున్నాడట. అప్పటినుంచీ షూటింగ్ నేర్చుకుంటానని ఒకటే పట్టు. ఇది మా ఇంటా వంటా లేని ఆట. పోలీసులూ, మిలటరీవాళ్లూ, డబ్బున్నవాళ్లూ ఆడుకునేదని మావారంటారు. దీనివల్ల ఏం ఉద్యోగం వస్తుంది? చదువు పాడవదా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఉద్యోగం గురించే అయినా, ఉత్తరమంతా చదివాక నాకు ఇంకో ప్రశ్న వినిపించింది: ‘ఇది మాలాంటివాళ్ల ఆటేనా?’ అని. ముందు దాని సంగతి చూద్దాం. అది తేలితే మిగతాది సులువవుతుంది.

మీవారు అన్నదాంట్లో కొంత నిజముంది. ఒకప్పుడు ఇది కోటల్లో, కంటోన్మెంట్లలో ఉన్న ఆటే. బికనీర్ మహారాజు కర్ణీసింగ్ 1960 నుంచి 1980 దాకా ఐదు ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున ట్రాప్ షూటింగ్ (గాల్లోకి ఎగిరే మట్టి బిళ్లలను కాల్చే పోటీ) ఆడారు. ఢిల్లీ తుగ్లకాబాద్‌లో ఉన్న, గురి సాధన చేసే పెద్ద షూటింగ్ రేంజ్‌కి ఆయన పేరే పెట్టారు. 2004లో ఏథెన్స్‌లో వెండి పతకం గెలిచిన రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ ఆర్మీ ఆఫీసరు. 2008లో బీజింగ్‌లో బంగారు పతకం గెలిచిన అభినవ్ బింద్రాకి ఇంటి ఆవరణలోనే సొంత రేంజ్ ఉండేది. వీళ్లను చూస్తే ఎవరికైనా మీవారికి అనిపించినట్టే అనిపిస్తుంది.

ఇప్పుడు 2024 పారిస్ సంగతి చూడండి. మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలే అప్పటికి సెంట్రల్ రైల్వేలో టీటీఈ. రైలెక్కితే మన దగ్గర టికెట్ చూసే ఉద్యోగం. సొంతూరు కొల్హాపూర్ జిల్లాలో ఒక పల్లె, నాన్న స్కూల్ టీచరు. మను భాకర్‌తో కలిసి పిస్టల్ మిక్స్‌డ్ టీమ్‌లో కాంస్యం తెచ్చిన సరబ్‌జోత్ సింగ్ అంబాలా దగ్గర రైతు బిడ్డ. మను వాళ్ల నాన్న మర్చంట్ నేవీలో ఇంజనీరు. అదే ఏడాది పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన రుబినా ఫ్రాన్సిస్ తండ్రి జబల్‌పూర్‌లో మెకానిక్. టికెట్ కలెక్టరుకీ, మెకానిక్ కూతురికీ అందిన ఆట, బస్సులో టికెట్లు కొట్టే మీవారి బిడ్డకు మాత్రం ఎందుకు అందదు?

మన దగ్గరా ఇదే వరస. హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచాడని మీకు తెలిసే ఉంటుంది. ఈషా సింగ్ వాళ్ల నాన్న కార్ ర్యాలీలు నడిపేవారు. ఆ అమ్మాయి హాంగ్‌ఝౌ ఏషియాడ్ (2023 ఆసియా క్రీడలు) నుంచి ఒక బంగారం, మూడు వెండి పతకాలతో తిరిగొచ్చింది. పుట్టుకతో వినికిడి లేని ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ బంగారం గెలిచాడు. గుంటూరు కుర్రాడు ముఖేష్ నేలవల్లి 2024లో జూనియర్ ప్రపంచ పోటీల్లో పిస్టల్ విభాగంలో పతకాలు తెచ్చాడు.

వీళ్లంతా పతకాలవాళ్లు. నేను మీకు అసలు చూపించాలనుకునేది పతకం లేనివాళ్లను.

కిందటేడు ఒక ఆదివారం పొద్దున హైదరాబాద్‌లో ఒక రేంజ్‌కి వెళ్లి రెండు గంటలు కూర్చున్నాను. పిల్లలకు సలహాలు చెప్పేవాణ్ని, చూడకుండా చెప్పకూడదని నా పట్టుదల. పది మీటర్ల హాల్లో వరసగా పన్నెండు లేన్లు. మొదటి లేన్‌లో సీఆర్‌పీఎఫ్ జవాను. పక్కన రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు, మెడలో ఇంకా కంపెనీ ఐడీ కార్డు వేలాడుతోంది. ఆ పక్కన కళ్లద్దాల షాపులో చూపు పరీక్ష చేసే అమ్మాయి. చివరి లేన్‌లో బ్యాంకులో రిటైరైన పెద్దాయన. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. టప్, టప్ అని పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్లు) తగులుతున్న చప్పుడొకటే.

ఆ పెద్దాయన్నే చాలాసేపు చూశాను. పిస్టల్ ఎత్తుతారు, గురి చూస్తారు, ఏదో కుదరదు, కాల్చకుండానే దించేస్తారు. రెండుసార్లు, మూడుసార్లు. నాలుగోసారి ట్రిగ్గర్ నొక్కారు. స్క్రీన్ మీద పది పడింది. తర్వాత టీ తాగుతూ ఆయన నాతో అన్నది ఇది: “ముప్పై ఏళ్లు కౌంటర్లో తొందరపడుతూనే బతికాను బాబూ, తొందరపడకుండా ఉండడం ఇక్కడే నేర్చుకున్నా.” ఆ కళ్లద్దాల షాపు అమ్మాయి ఇంకో మాట చెప్పింది. పిస్టల్ కాల్చేటప్పుడు చూపు టార్గెట్ మీద కాదు, తుపాకీ కొసన ఉండే ఫ్రంట్ సైట్ మీద నిలపాలట. టార్గెట్ మసగ్గానే ఉండాలట. తన వృత్తిలో చదివిందే ఇక్కడ చేతికి అందిందని ఆమె సంతోషం.

రైఫిల్ సంగతి మీకు బాగా అర్థమయ్యేలా చెబుతాను. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో నడిమధ్యన ఉండే పది అనే చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. మీరు బట్ట మీద సుద్దతో పెట్టే గుర్తు కన్నా సన్నం. నిలబడి, ఐదున్నర కిలోల దాకా బరువుండే రైఫిల్‌ని భుజాన ఆనించి, గంటా పావులో అరవైసార్లు దానికి గురిపెట్టాలి. దీనికి కండలు తిరగనక్కర్లేదు, ఎత్తు ఉండనక్కర్లేదు. ఊపిరి అదుపులో ఉండాలి, చేసిన పనే విసుగు లేకుండా మళ్లీ చెయ్యాలి. రోజుకి పది బ్లౌజులకు హుక్కులు కుట్టే మీకు ఆ ఓపిక ఏమిటో నేను చెప్పక్కర్లేదు. అందుకే ఈ ఆటలో ఇన్ని రకాల మనుషులు కనిపిస్తారు.

ఇక చదువు. ఇక్కడ మీకు ఇద్దరమ్మాయిల గురించి చెప్పాలి. హీనా సిద్ధూ పాటియాలా దగ్గర బీడీఎస్ చదువుతూనే పిస్టల్ కాల్చింది. డెంటిస్ట్ డిగ్రీ చేతికొచ్చింది, 2014లో ఎయిర్ పిస్టల్‌లో ప్రపంచ నంబర్ వన్ కూడా అయింది. పంజాబ్‌కే చెందిన సిఫ్ట్ కౌర్ సమ్రా ఎంబీబీఎస్‌లో చేరి, మధ్యలో మానేసింది. 2023 ఏషియాడ్‌లో 50 మీటర్ల రైఫిల్‌లో 469.6 స్కోరుతో ప్రపంచ రికార్డు కొట్టి బంగారం గెలిచింది. మీ పాప రేపు ఈ రెండో కథ మీ ముందు పెట్టి, “చూశావా అమ్మా, ఆమె డాక్టర్ చదువే వదిలేసింది” అనవచ్చు. అప్పుడు మీరు చెప్పాల్సిన జవాబు: సిఫ్ట్ చదువు వదిలేనాటికే దేశం జెర్సీ వేసుకుని అంతర్జాతీయ పోటీల్లో ఆడుతోంది. చేతిలో ఉన్నది చూసుకునే వదిలింది. మన పాప చేతిలో ఇప్పటికున్నది ఒక ఎన్‌సీసీ గ్రూపింగ్. కాబట్టి ఇంటర్ రెండో సంవత్సరం ఎట్టి పరిస్థితుల్లోనూ పక్కన పెట్టకూడదు. ఈ విషయంలో నేను మీ పక్షమే.

మీరు అడిగిన ‘దీనివల్ల ఏం ఉద్యోగం వస్తుంది’ అన్న ప్రశ్నను నేను కొంచెం తిప్పి అడుగుతాను. ఏ ఉద్యోగంలో ఉంటే ఈ ఆట బతుకుతుంది? ఈ ఆటలో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి తిండి పెట్టేది వేరే పని. స్వప్నిల్‌కి రైల్వే 2015లోనే ఉద్యోగమిచ్చింది, పతకం వచ్చింది తొమ్మిదేళ్ల తర్వాత. ఆ తొమ్మిదేళ్లూ నెల నెలా జీతం ఉండబట్టే రైఫిల్ వదల్లేదు. 2012లో వెండి గెలిచిన విజయ్ కుమార్ ఆర్మీలో సుబేదారు, తర్వాత హిమాచల్ పోలీసుల్లో డీఎస్పీ అయ్యాడు. రాహీ సర్నోబత్ మహారాష్ట్రలో డిప్యూటీ కలెక్టర్. ఆమె తుపాకీ మొదట పట్టింది మీ పాపలాగే ఎన్‌సీసీలో. వీల్‌చైర్‌లో కూర్చుని రెండు పారాలింపిక్స్‌లో బంగారం గెలిచిన అవని లేఖరా లా చదివింది, రాజస్థాన్ అటవీ శాఖలో ఉద్యోగం వచ్చింది.

రైల్వేలు, కేంద్ర బలగాలు, త్రివిధ దళాలు, ప్రభుత్వ శాఖలు స్పోర్ట్స్ కోటాలో షూటర్లను తీసుకోవడం నిజమే. కానీ ఆ కోటాకు జాతీయ స్థాయి పోటీల సర్టిఫికెట్లు కావాలి, పోస్టులు కొన్నే, పోటీ గట్టిది. దాన్ని నమ్ముకుని ఇల్లు నడిపే లెక్కలు వెయ్యకండి. వస్తే మంచిది, రాకపోయినా పాప తన డిగ్రీతో నిలబడగలగాలి.

అందువల్ల ఇంటర్ తర్వాత ఏ కాలేజీ అన్నప్పుడు రెండే చూడండి: రేంజ్‌కి బస్సులో గంటలోపు వెళ్లగలగాలి, సాయంత్రాలు కొన్నయినా ఖాళీ ఉండాలి. బీకాం, బీఎస్సీ అయితే సులువు. ఇంజనీరింగ్ అయినా అసాధ్యం కాదు. ఇటలీకి మూడు ఒలింపిక్ బంగారాలు తెచ్చిన నిక్కోలో కాంప్రియాని ఇంజనీరింగ్ చదివినవాడే. కాలేజీలో ఎన్‌సీసీ సీనియర్ వింగ్ ఉంటే తప్పకుండా చేర్చండి. పేదింటి పిల్లలకు ఖర్చు లేకుండా రైఫిల్ అందించే దారి ఇంతకు మించి నాకు కనబడదు.

ఈ ఆట చుట్టూ కూడా పనులున్నాయి. కోచింగ్, పోటీల్లో జ్యూరీ, ఎలక్ట్రానిక్ టార్గెట్ల నిర్వహణ, తుపాకుల మరమ్మతు, ఫిజియోథెరపీ, స్పోర్ట్స్ సైకాలజీ. స్వప్నిల్‌కి నేర్పిన దీపాలీ దేశ్‌పాండే తాను కూడా ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఆడిన షూటరే. పాప ఎంపీసీ కాబట్టి టార్గెట్ల వెనక ఉండే ఎలక్ట్రానిక్స్ మీద కూడా మనసు పడొచ్చు. అదంతా తర్వాత.

డబ్బు మాట దాచకుండా చెబుతాను. పోటీలకు పనికొచ్చే విదేశీ ఎయిర్ రైఫిల్ లక్షల్లో ఉంటుంది. జాకెట్టు, ట్రౌజరు, బూట్లు విడిగా. మొదటి ఆరు నెలలు వీటిలో ఒక్కటీ కొనకండి. అప్పు అసలే చెయ్యకండి. రేంజ్‌లోనూ అకాడమీలోనూ నేర్చుకునేవాళ్లకు వాడుకోవడానికి తుపాకులు ఉంటాయి, ఫీజు ఎంతో, పెల్లెట్లు అందులో కలిసి ఉన్నాయో లేదో ముందే అడగండి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ గాలి ఒత్తిడితో పేలేది. నేర్చుకునేవాళ్లు మొదలుపెట్టేది దీంతోనే. మందుగుండుతో పేలే .22 రైఫిల్‌కైతే లైసెన్సు వ్యవహారం ఉంటుంది, ఆ సంగతి ఇప్పుడే అక్కర్లేదు. ‘నెలలో నేషనల్స్ ఆడిస్తాం’ అని ఎవరైనా అంటే ఆ గుమ్మం దిగి వచ్చేయండి. మొదటి రోజు తుపాకీ చేతికివ్వకుండా, దాన్ని ఎటు తిప్పకూడదో, ట్రిగ్గర్ మీద వేలు ఎప్పుడు పెట్టకూడదో నేర్పే చోటే మంచి చోటు.

ఖమ్మం నుంచి హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్లు. ఇంటర్ అయ్యేదాకా వారం వారం తిరగడం కుదరదు, తిప్పొద్దు. దసరా సెలవుల్లో ఒక పది రోజులు, సంక్రాంతికి మరికొన్ని రోజులు చాలు. మిగతా రోజుల్లో పొద్దున్నే అరగంట ఒంటి బ్యాలెన్స్‌కి, ఊపిరికి సంబంధించిన వ్యాయామాలు కోచ్ చెబుతారు. పాపను ఒక నోట్‌బుక్ పెట్టుకోమనండి. రేంజ్‌లో కాల్చిన ప్రతి నలభై షాట్ల స్కోరు, ఆ రోజు నిద్ర ఎంత, మనసు ఎలా ఉంది, అన్నీ రాయాలి. ఏప్రిల్లో పరీక్షలు అయ్యాక ఆ నోట్‌బుక్ ముందు పెట్టుకుని మీరు, మీవారు, పాప కూర్చోండి. స్కోరు పెరుగుతోందా, పాపకి ఇంకా ఆశ ఉందా చూడండి. అప్పుడు నాకు మళ్లీ రాయండి, కాలేజీ ఎంపిక గురించి వివరంగా మాట్లాడుకుందాం.

చివరగా ఒక సంగతి. ఉత్తరప్రదేశ్‌లో జోహ్రీ అనే ఊళ్లో చంద్రో తోమర్ అనే పెద్దావిడ ఉండేవారు. 1999లో మనవరాలిని రేంజ్‌కి తోడు తీసుకెళ్లారు. అరవై దాటిన మనిషి, పొలం పని, పశువుల పని తప్ప ఇంకోటి ఎరగరు. మనవరాలికి సాయం చెయ్యబోయి పిస్టల్ అందుకుని తానే కాల్చారు, గురి కుదిరింది. ఆ తర్వాత ఎన్నో పోటీల్లో పతకాలు గెలిచారు. 2021లో కోవిడ్‌తో పోయారు.

దసరా సెలవుల్లో పాపతో హైదరాబాద్ వెళ్లినప్పుడు మీరు బయట బెంచీ మీద కూర్చోకండి. లోపలికి వెళ్లండి. అక్కడుండే షూటింగ్ జాకెట్టు ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి, కుట్టేవాళ్లు కనుక దాని మందం, బిగువు మీకు వెంటనే తెలుస్తాయి. కోచ్ ఒప్పుకుంటే పది పెల్లెట్లు మీరు కూడా కాల్చండి.