ఫ్లోరెన్స్‌కు ముందు ఒక ప్లాస్టర్ చెవి

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది రాజమహేంద్రవరం, బీటెక్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. చిన్ననాటి నుంచి ఫొటోల మీద గళ్లు గీసుకొని పెన్సిల్‌తో ముఖచిత్రాలు వేస్తున్నాను. అచ్చం ఫొటోలాగే ఉన్నాయని అందరూ మెచ్చుకుంటారు. ఉద్యోగం మానేసి, ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో అతెలియే పద్ధతిలో నేర్పే ప్రైవేటు చిత్రకళాశాలలో మూడేళ్లు చదవాలని ఉంది. అక్కడ మొదట్లో చాలాకాలం రంగులు ముట్టనివ్వరని విన్నాను. అంత డబ్బు, కాలం పెట్టదగిన చదువేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పెట్టదగిన చదువే. అయితే ఇప్పుడే ఉద్యోగానికి రాజీనామా ఇవ్వవద్దని, కనీసం ఆరు నెలలు ఆగమని నా సలహా.

అతెలియే అనే ఫ్రెంచి మాటకు కార్యశాల అని అర్థం. ఒక గురువు, ఆయన చుట్టూ కొద్దిమంది శిష్యులు, రోజంతా ఒకే గదిలో పని. 19వ శతాబ్దపు పారిస్‌లో చిత్రకారులు ఇలాగే తయారయ్యారు. 20వ శతాబ్దంలో పెద్ద కళాశాలలు ఈ పద్ధతిని చాలావరకు వదిలేసినా, మన సంగీత విద్వాంసులు త్యాగరాజస్వామి శిష్యపరంపర చెప్పుకున్నట్టు ఇక్కడా ఒక పరంపర తెగకుండా సాగింది. పారిస్‌లో చిత్రకారుడు జెరోమ్ దగ్గర నేర్చుకున్న అమెరికన్ విలియం పాక్స్‌టన్, ఆయన శిష్యుడు ఐవ్స్ గామెల్, గామెల్ శిష్యుడు రిచర్డ్ లాక్ ఆ వరుసలోనివారు. లాక్ 1969లో మినియాపొలిస్‌లో సొంత అతెలియే పెట్టారు. మీరు వెళ్లాలనుకునే ఫ్లోరెన్స్‌లో ఇదే పద్ధతిలో నేర్పే ఫ్లోరెన్స్ అకాడమీ ఆఫ్ ఆర్ట్‌ను డేనియల్ గ్రేవ్స్ 1991లో స్థాపించారు.

రంగులు ముట్టనివ్వరన్న మాట నిజమే. ముందుగా బార్గ్ ప్లేట్లు చూసి గీయిస్తారు. శార్ల్ బార్గ్, జెరోమ్‌తో కలిసి 1866 నుంచి 1871 వరకు విద్యార్థుల కోసం వెలువరించిన 197 లితోగ్రాఫులు (రాతి అచ్చు చిత్రాలు) ఇవి. వాన్ గో 1880లో బొమ్మలు నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు వీటినే ముందు పెట్టుకొని సాధన చేశాడు. ఆ తరువాత తెల్లని ప్లాస్టర్ బొమ్మను బొగ్గుతో గీయాలి. చాలాచోట్ల ఇందుకు సైట్-సైజ్ పద్ధతి వాడతారు: బొమ్మ పక్కనే ఈజిల్ (కాగితాన్ని నిలిపి ఉంచే చట్రం) నిలబెట్టి, రెండు మూడు మీటర్ల వెనక నేల మీద టేపు అంటించి, పాదాలు ఎప్పుడూ ఆ గుర్తు మీదే ఉంచి చూస్తారు. అక్కడి నుంచి చూస్తే బొమ్మ, కాగితం మీది గీత ఒకే పరిమాణంలో కనిపించాలి. తాపీమేస్త్రీ గోడ నిటారుగా ఉందో లేదో చూసుకొనే గుండు దారంలాంటిదే చేత పట్టుకొని, ఏ బిందువు కింద ఏ బిందువు వస్తున్నదో చూస్తారు. చూసినది మనసులో పెట్టుకొని ముందుకు నడిచి ఒక గీత గీసి, మళ్లీ వెనక్కి వచ్చి సరిపోల్చుకుంటారు. ఇలా రోజుకు వందలసార్లు నడవాలి.

నేను శిష్యరికం చేసిన రోజుల్లో ఒక ప్లాస్టర్ చెవిని మూడు వారాలు గీశాను. పదకొండో రోజున, ఇక పూర్తయిందని నేను అనుకున్నాక, గురువుగారు వచ్చి నా గుర్తు మీద నిలబడి చాలాసేపు మాట్లాడకుండా చూశారు. తరువాత, పిసికితే మైనంలా సాగే రబ్బరును మొనగా చేసి, చెవితమ్మె కింది నీడను బియ్యపు గింజంత మేర తుడిచారు. అప్పటిదాకా చదునుగా ఉన్న తమ్మె ముందుకు వచ్చి వేలాడింది. పది రోజులుగా ఆ నీడ నా కళ్లెదుటే ఉన్నా నేను చూడలేదని అప్పుడు తెలిసింది. మొదటి ఏడాదంతా నేర్పేది ఈ చూపునే.

ఫొటో మీద గళ్లు గీసి వేసినప్పుడు ఈ పని మీకు పడదు. గుండ్రని ముఖాన్ని కెమెరా ముందే చదును చేసి ఇచ్చింది, కొలతలు గళ్లు ఇచ్చాయి. మీ చేతి ఓపికను నేను తక్కువ చేయడం లేదు, అది అక్కడ చాలా పనికివస్తుంది. కానీ మీ కన్నుకు ఇంకా పరీక్ష జరగలేదు. ఆ పరీక్ష ఇంట్లోనే పెట్టుకోండి. ధూల్‌పేటలో వినాయకుడి విగ్రహాలు చేసేవారిని అడిగి రంగు వేయని ప్లాస్టర్ ముఖమో చెయ్యో తెచ్చుకొని, వెనక నల్లగుడ్డ కట్టి, ఒకవైపు నుంచే వెలుతురు పడేలా అమర్చండి. ఎండ నేరుగా పడదు కాబట్టి పుస్తకాలు ఉత్తరపు కిటికీ మంచిదంటాయి, ఐరోపాలో అది నిజం. మన అక్షాంశంలో మాత్రం మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు కూడా ఉత్తరానికే ఉంటాడు కాబట్టి, ఆ నెలల్లో కిటికీ మూసి ఒకే దీపం పెట్టుకోవడం మేలు. ఒక్కొక్క బొమ్మకు 40 గంటలు ఇవ్వండి. ఆరు నెలల తరువాత కూడా ఆ గదిలోకి ఇష్టంగా వెళ్తుంటే దరఖాస్తు పంపండి.

దరఖాస్తుకు ముందు గురువు వారానికి ఎన్నిసార్లు మీ ఈజిల్ దగ్గరికి వచ్చి దిద్దుతారో అడగండి; వ్యవస్థాపకుల చిత్రాలు కాక, చివరి ఏడాది విద్యార్థుల చిత్రాలు చూపమనండి. అందరివీ ఒకే గోధుమరంగు నేపథ్యంతో, ఒకే చేతితో వేసినట్టుంటే నేనైతే మరో బడి చూసుకుంటాను. 90 రోజులు దాటి ఉండాలంటే దీర్ఘకాలిక విద్యార్థి వీసా కావాలి కాబట్టి, అందుకు కావలసిన ప్రవేశపత్రం ఆ బడి ఇవ్వగలదో లేదో ఫీజు కట్టకముందే తేల్చుకోండి.

ఈసారి సొంత ఊరు వెళ్లినప్పుడు దామెర్ల రామారావు చిత్రశాలలో ఒక పూట గడపండి. బొంబాయి జె.జె. స్కూల్లో పద్ధతిగా చదివి వచ్చిన ఆయన, 1925లో 27 ఏళ్లకే పోయేలోగా, ఆ చదువును మన మనుషులను గీయడానికి ఎలా వాడుకున్నారో దగ్గరగా చూడవచ్చు.

ప్రశ్న: ఇంటర్ పూర్తిచేసిన మా అమ్మాయి బి.ఎఫ్.ఎ. (లలితకళల డిగ్రీ) వద్దు, విదేశంలో అతెలియేకే వెళ్తానంటోంది. అక్కడ నగ్నంగా నిలబడే మోడళ్లను చూసి గీయాలట. మాకు భయంగా ఉంది.
– ఒక తల్లి, నెల్లూరు

జవాబు: అమ్మా, మోడల్ విషయంలో భయపడకండి. మోడల్ జీతానికి వచ్చే పనివారు. గంటల తరబడి కదలకుండా నిలబడటం వారి వృత్తి. గదిలో అందరి దృష్టీ భుజం ఎముక ఎక్కడ తిరుగుతున్నదన్న దాని మీదే ఉంటుంది. ఈ తరగతి దొరకకే ఒకప్పుడు స్త్రీలు వెనకబడ్డారు: పారిస్‌లోని ప్రభుత్వ కళాశాల, ఎకోల్ దె బోజార్, 1897 వరకు వారిని చేర్చుకోలేదు; అంతకుముందు వారికి దారి ఇచ్చినవి 1868లో మొదలైన అకాదెమీ జూలియన్ లాంటి ప్రైవేటు బడులే. మన చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1929లో 16 ఏళ్ల వయసులో పారిస్ వెళ్లి ఇలాంటి తరగతుల్లోనే నేర్చుకున్నారు. ఆమె వెంట తల్లిదండ్రులూ వెళ్లారు.

నాకు ఆలోచన కలిగించేది డిగ్రీ సంగతి. ఇలాంటి బడులు సాధారణంగా ఇచ్చేది సొంత సర్టిఫికెట్టే, దానితో ఇక్కడి కళాశాలల్లో అధ్యాపక ఉద్యోగం రాదు. 17 ఏళ్ల పిల్ల కాబట్టి, హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలోనో (జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ.యు.) విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో ముందు బి.ఎఫ్.ఎ. చేయించండి. ఆ నాలుగేళ్లలో ఒక వేసవికి, కొన్ని అతెలియేలు నడిపే కొద్దివారాల శిక్షణకు పంపండి. పై పాఠకుడికి చెప్పిన ప్లాస్టర్ సాధనను మాత్రం మీ అమ్మాయి ఈ వారమే మొదలుపెట్టవచ్చు.